లాఘవానికి పునాది కోర్టు: సుజాన్ లెంగ్లెన్ ఆటతీరు, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ

ఫ్రెంచి టెన్నిస్ క్రీడాకారిణి సుజాన్ లెంగ్లెన్ గురించి రాసినవాళ్లందరూ రెండు సంగతులు తప్పక చెబుతారు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1919 నుంచి, అమెచ్యూర్ ఆట విడిచిపెట్టిన 1926 దాకా, సింగిల్స్ కోర్టులో దిగి ఆమె ఓడింది ఒక్కసారే. ఇక ఆమె ఆడుతుంటే నాట్యం చూస్తున్నట్టు ఉండేదట. మొదటి సంగతికి స్కోర్లు సాక్ష్యం. రెండోదానికి ఆనాటి ఫొటోలు, పత్రికల వర్ణనలు సాక్ష్యం. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి అంతటితో వదిలేయడం పరిపాటి అయింది. గెలుపు ఒక శక్తి, అందం మరొక వరం, రెండూ ఒకే మనిషికి దక్కడం అదృష్టం అన్న అభిప్రాయం దానివల్ల చదువరిలో నిలిచిపోతుంది. ఫ్రెంచి పత్రికలు ఆమెను 'లా దివీన్' అన్నాయి, దివ్యమూర్తి అని. ఆ బిరుదు ఈ అభిప్రాయాన్ని మరింత గట్టిపరిచింది. ఈ వ్యాసం దాన్ని ఒప్పుకోదు. లెంగ్లెన్ ఆటలో జనం మెచ్చుకున్న లాఘవం ఆమె గెలుపు పద్ధతికి కంటికి కనిపించే రూపమనీ, ఆ పద్ధతి రోజువారీ సాధనతో, దుస్తుల్లో తెచ్చుకున్న స్వేచ్ఛతో, అందుబాటులో ఉన్న కోర్టుతో తయారైందనీ ఇక్కడి వాదం. దాన్ని దైవదత్తం అన్నప్పుడు శ్రమ మరుగున పడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, కోర్టులోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని రానివ్వలేదు అన్న ప్రశ్న మరుగున పడుతుంది.

ఈ ప్రశ్నను ఖరగ్‌పూర్ నుంచి అడగడానికి కారణం ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) కట్టిన ఈ పట్టణానికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వేలాది తెలుగు కుటుంబాలు పనికోసం వచ్చి స్థిరపడ్డాయి. ఝపటాపూర్ లాంటి పేటల్లో తెలుగు మాట ఈనాటికీ వినిపిస్తుంది. లెంగ్లెన్ వింబుల్డన్‌లో గెలుస్తున్న 1920లలో ఇక్కడి రైల్వే కాలనీ జాతి ప్రకారం, హోదా ప్రకారం విడివిడిగా ఉండేది. టెన్నిస్ అన్న మాట ఈ ఊళ్లో వినబడనిది కాదు, అది కాలనీలో ఒక వైపుకు చెందినది. ఒక ఆటతీరు ఎలా పుడుతుందో సరిగ్గా తెలిస్తే, ఎక్కడ పుట్టలేదో, ఎందుకు పుట్టలేదో కూడా తెలుస్తుంది. అందుకే ముందు ఫ్రాన్సుకు వెళ్లి, తరువాత ఇక్కడికి రావాలి.

లెంగ్లెన్ 1899 మే 24న పారిస్‌లో పుట్టింది. తండ్రి షార్ల్‌కు వారసత్వంగా వచ్చిన గుర్రపు బస్సుల వ్యాపారం ఉండేది. వేసవిలో పారిస్‌కు ఉత్తరాన కాంపియేన్ దగ్గరి పల్లెలోను, చలికాలంలో మధ్యధరా తీరాన నీస్ నగరంలోను ఆ కుటుంబం గడిపేది. నీస్‌లో వాళ్ల ఇల్లు టెన్నిస్ క్లబ్బుకు ఎదురుగానే ఉండేది. 1910లో తండ్రి సరదాగా ఒక రాకెట్ కొనిచ్చాడు. కొద్ది నెలల్లోనే కూతురి పట్టు గమనించి సాధన మొదలుపెట్టించాడు. అతను స్వయంగా పెద్ద ఆటగాడు కాడు, కానీ చూపు గలవాడు. తీరప్రాంతపు టోర్నమెంట్లలో మేటి ఆటగాళ్లను శ్రద్ధగా గమనించి, మగవాళ్ల ఆటలోని చురుకు, నెట్టు దగ్గరికి దూసుకువచ్చే ధైర్యం ఆడపిల్ల ఎందుకు నేర్చుకోకూడదు అనుకున్నాడు. ఆనాటి మహిళల ఆట చాలావరకు బేస్‌లైన్ దగ్గరే సాగేది. అందుకని కూతురిని క్లబ్బులో మగవాళ్లతో ఆడించాడు. కోర్టులో అక్కడక్కడా రుమాలు పరిచి, బంతి దానిమీదే పడాలన్నాడు. తగలడం అలవాటయ్యాక రుమాలును మడిచి చిన్నది చేశాడు. పరుగు, ఈత, తాడాట, గెంతులు రోజువారీ పాఠంలో భాగమయ్యాయి. ఫొటోగ్రాఫర్ జాక్ ఆన్రీ లార్టీగ్ 1921లో నీస్‌లో ఆమె సాధన చేస్తుండగా తీసిన బొమ్మలు ఉన్నాయి. కాళ్లు రెండూ నేలను విడిచి గాలిలో తేలుతున్న ఆ దేహాన్ని చూసి ముచ్చటపడేవాళ్లు, అవి సాధన సమయంలో తీసినవన్న సంగతి పట్టించుకోరు. ప్రేక్షకులు మెచ్చుకున్న ఆ గాలినడక కొన్ని వేల సార్లు ప్రేక్షకులు లేనిచోట జరిగిందని ఆ బొమ్మలే చెబుతున్నాయి.

రుమాలు కథను గురువు కర్కశత్వానికి ఉదాహరణగా చెప్పడం మామూలు. అందులో నిజం ఉంది, ఆ విషయానికి తరువాత వస్తాను. కానీ ఆటతీరు విశ్లేషణకు ఆ కథ చెప్పేది వేరు. బంతిని ఎంత బలంగా కొట్టాలన్నది ఆ పాఠంలో ముఖ్యం కాదు, ఎక్కడ పడాలన్నదే ముఖ్యం. ఒక చోట బంతి పడాలంటే దాన్ని ఎదుర్కొనే క్షణంలో దేహం సమతూకంలో ఉండాలి. సమతూకంలో ఉండాలంటే బంతి రాకముందే కాళ్లు అక్కడికి చేరాలి. ముందే చేరాలంటే ప్రత్యర్థి భుజం కదలికను చదవాలి. రుమాలు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తే మొత్తం పద్ధతి బయటపడుతుంది. ముందే చేరుకున్న ఆటగత్తెకు హడావుడి ఉండదు. చివరిక్షణపు తోపులాట, చెయ్యి సాచి అందుకోవడం, పట్టు తప్పి తూలడం ఉండవు. చూసేవాడికి ఇదంతా హాయిగా, తేలికగా, లయబద్ధంగా కనిపిస్తుంది. అందం అని మనం పిలిచేదానిలో పెద్దపాలు ఈ తొందరలేమి. అది గెలుపుకు అదనంగా వచ్చిన సొబగు కాదు, గెలుపుకు ముందే జరిగిపోయిన పని.

స్కోర్లు ఈ చదువును బలపరుస్తాయి. 1914 జూన్‌లో, పదిహేనేళ్లు నిండిన కొద్దిరోజులకే, పారిస్ పక్కనున్న సెంక్లూలో ప్రపంచ హార్డ్‌కోర్ట్ చాంపియన్‌షిప్ గెలిచింది. యుద్ధం వల్ల నాలుగైదేళ్ల పోటీ ఆట పోయింది. 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో సింగిల్స్ స్వర్ణం గెలిచేటప్పుడు మొత్తం పోటీలో పోగొట్టుకున్న గేములు నాలుగు. 1925 వింబుల్డన్‌లో అయిదు మ్యాచ్‌ల్లో కలిపి పోగొట్టుకున్నవి అయిదు. ఆ ఏడు సెమీఫైనల్లో ఆమె ఎదుర్కొన్నది అంతకుముందు ఏటి విజేత కిటీ మెక్‌కేన్‌ను. స్కోరు 6–0, 6–0. ఫైనల్లో జోన్ ఫ్రై మీద 6–2, 6–0. బలమైన సర్వు, ఒక్క దెబ్బతో పాయింటు ముగించే ఫోర్‌హ్యాండ్ ఆయుధాలుగా గల క్రీడాకారిణి కూడా చాలా మ్యాచ్‌లు గెలవవచ్చు. కానీ బలం మీద ఆధారపడిన ఆటలో గురి తప్పే రోజులు ఉంటాయి, ప్రత్యర్థికి రెండు మూడు గేములు ఊరికే పోతాయి. వారాల తరబడి సాగే పోటీలో అయిదు గేములే పోవడం అంటే తప్పు దాదాపు లేకపోవడం. అది స్థానబలం, గురి, ఓపిక కలిసిన ఆటకు గుర్తు. వరుసగా 181 మ్యాచ్‌లు గెలిచిందన్న లెక్క ఆమె పేరిట తరచు చెబుతారు. నా దృష్టిలో ఆ పెద్ద అంకె కన్నా 1925 నాటి ఈ చిన్న అంకె ఆమె ఆటతీరును ఎక్కువ పట్టిస్తుంది.

అయితే లాఘవం పరీక్షకు నిలిచింది సులభమైన గెలుపుల్లో కాదు, 1919 జూలై 5న. వింబుల్డన్ మొదటిసారి ఆడుతున్న ఇరవై ఏళ్ల అమ్మాయికి చాలెంజ్ రౌండ్లో ఏడుసార్లు చాంపియన్ అయిన డొరొతియా లాంబర్ట్ చాంబర్స్ ఎదురైంది. చాంబర్స్‌కు అప్పుడు నలభై ఏళ్లు. అయిదో జార్జి రాజు, మేరీ రాణి ప్రేక్షకుల్లో ఉన్నారు. మొదటి సెట్ 10–8తో లెంగ్లెన్‌ది, రెండోది 6–4తో చాంబర్స్‌ది. మూడో సెట్‌లో లెంగ్లెన్ 4–1తో ముందున్నా, చాంబర్స్ పుంజుకుని 6–5, 40–15 దగ్గర రెండు మ్యాచ్ పాయింట్లు సంపాదించింది. వాటిలో ఒకదాన్ని లెంగ్లెన్ రాకెట్ చట్రానికి తగిలి నెట్టు దాటిన బంతితో కాపాడుకుంది. చివరికి 9–7తో గెలిచింది. మొత్తం 44 గేములు. మధ్యలో తండ్రి గ్యాలరీ నుంచి బ్రాందీలో ముంచిన చక్కెర బిళ్లలు అందించాడన్నది అందరికీ తెలిసిన కథ. ఈ మ్యాచ్ దివ్యత్వపు కథకు లొంగదు. అదృష్టం ఉంది, అలసట ఉంది, గెలుపు జారిపోబోయిన క్షణాలు ఉన్నాయి. కానీ అంత అలసటలోనూ 4–6 తరువాత, 5–6 తరువాత ఆమె పద్ధతి చెదరలేదు. అలవాటుగా మారిన సాధన మాత్రమే అలాంటి గంటలో మనిషిని నిలబెట్టగలదు.

దుస్తుల సంగతి తీసుకుందాం. అదే మ్యాచ్‌లో చాంబర్స్ పాతకాలపు పొడవు పావడాతో, పొడవు చేతుల చొక్కాతో ఆడింది. లెంగ్లెన్ పిక్కల దాకా మాత్రమే వచ్చే పావడాతో, పొట్టి చేతుల గౌనుతో, నడుమును బిగించే కార్సెట్ లేకుండా దిగింది. తరువాతి ఏళ్లలో పారిస్ దర్జీ జాన్ పటూ కుట్టిన కుచ్చిళ్ల పట్టు పావడా, చేతులు లేని కార్డిగన్, తలకు చుట్టిన రంగు పట్టీ ఆమెకు ముద్రగా మారాయి. ఆ తలపట్టీని యూరపు అమ్మాయిలందరూ కట్టుకున్నారు. అందుకే చాలామంది ఆమె అందాన్ని ఫ్యాషన్ చరిత్రలో భాగంగా చూస్తారు. చూడవలసింది మరో వైపు నుంచి. కార్సెట్ ఉన్న దేహం నడుము దగ్గర తిరగలేదు, ఊపిరి పూర్తిగా తీసుకోలేదు, తలపై నుంచి బంతిని కొట్టడానికి భుజం పూర్తిగా ఎత్తలేదు. చీలమండల దాకా వచ్చే పావడాతో పెద్ద అంగ వేయడం కష్టం. రుమాలు పాఠానికి కావలసిన ముందడుగు, నెట్టు దగ్గరి ఎగురు, వెనక్కి ఒరిగి కొట్టే స్మాష్, ఇవన్నీ ఆ దుస్తులు తొలగితేనే సాధ్యం. అంటే పటూ పట్టుపావడా ఆమె ఆటకు అలంకారమై ఉండవచ్చు, కానీ దానికి ముందు అది పనిముట్టు. 1919లో ఆ గౌను చూసి కొందరు అసభ్యమన్నారు. కొద్ది ఏళ్లలో ఆ ఆట ఆడే ఆడపిల్లలంతా అదే దారి పట్టారు. పనికొచ్చే మార్పు కాకపోతే అంత త్వరగా నిలిచేది కాదు.

నాట్యంతో పోలిక ఆమె బతికున్నప్పుడే స్థిరపడింది. 1924లో డియాగిలెఫ్ బాలే బృందం పారిస్‌లో 'ల త్రాన్ బ్లూ' ప్రదర్శించింది. కథ జాన్ కొక్తో రాశాడు, సంగీతం దారియుస్ మియో, దుస్తులు కోకో షనెల్. అందులోని టెన్నిస్ క్రీడాకారిణి పాత్రకు నమూనా లెంగ్లెన్. ఆ పాత్రను నృత్యం కూర్చిన బ్రొనిస్లావా నిజిన్‌స్కా స్వయంగా ఆడింది. టెన్నిస్ నాట్యంలోకి వెళ్లిన ఈ ఉదంతాన్ని అందరూ చెబుతారు. నాట్యం టెన్నిస్‌లోకి వచ్చిన ఉదంతం మాత్రం తక్కువమంది చెబుతారు, నా వాదానికి అదే ఎక్కువ పనికొస్తుంది. 1937లో, చనిపోవడానికి ఏడాది ముందు, లెంగ్లెన్ బ్రిటిష్ నృత్య శిక్షకురాలు మార్గరెట్ మోరిస్‌తో కలిసి సులభ వ్యాయామాలతో టెన్నిస్ నేర్పే పుస్తకం ప్రచురించింది. తన లాఘవం విడదీసి చెప్పగలిగినదనీ, వ్యాయామాలుగా పంచగలిగినదనీ, మరొక ఆడపిల్లకు నేర్పగలిగినదనీ ఆమె నమ్మిందనడానికి ఆ పుస్తకమే రుజువు. దైవదత్తమైనదాన్ని ఎవరూ పాఠాలుగా కట్టరు. మన దేశంలోనూ ఈ రెండు సాధనలు ఒకే మనిషిలో కలిశాయి. 1934లో వింబుల్డన్‌లో గ్లాడిస్ సౌత్‌వెల్‌ను 4–6, 10–8, 6–2తో ఓడించి, అక్కడ మ్యాచ్ గెలిచిన మొదటి భారతీయ మహిళ అయిన లీలా రావు తరువాతి కాలంలో శాస్త్రీయ నృత్యం గురించి గ్రంథాలు రాసింది. ఆమె తల్లి పండిత క్షమారావు సంస్కృత కవయిత్రి, టెన్నిస్ క్రీడాకారిణి కూడా. స్థానకం, చారి, అంగశుద్ధి అని కూచిపూడి గురువులు ఏళ్ల తరబడి దిద్దించేది కూడా ఇదే: కాలు ఎక్కడ పడాలి, బరువు ఎటు ఒరగాలి. అరంగేట్రం నాడు తేలికగా కనిపించే అడుగు వెనుక ఎంత దిద్దుబాటు ఉందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. ఆటలో కూడా అలాగే ఉంటుందని ఒప్పుకోవడానికే మనం ఎందుకో తటపటాయిస్తాం.

దీనికి బలమైన అభ్యంతరాలు ఉన్నాయి. ఆమె గెంతుల్లో కొన్ని అనవసరమనీ, ప్రేక్షకుల కోసం చేసినవనీ ఆనాటి విమర్శకులే అన్నారు. ఇది కొంత నిజం. వేలమంది చూస్తుండగా ఆడిన మనిషి చూపరుల కన్నును మరచి ఆడిందనడం అమాయకత్వం. 1922లో వింబుల్డన్ పాత స్థలం చాలక చర్చ్ రోడ్డుకు మారడానికి ఆమె ఆట కోసం ఎగబడిన జనం కూడా ఒక కారణం. అయితే, ఆ గెంతులు ఆటను చెడగొట్టి ఉంటే గేములు పోయి ఉండేవి. పోలేదు. ప్రదర్శనకు మిగులు శక్తి కావాలి. అది మిగిలిందంటే అవసరమైన పని అప్పటికే పూర్తయిందన్నమాట. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: ఆనాటి ప్రత్యర్థులు బలహీనులు, యుద్ధం ఒక తరం మహిళా ఆటను దెబ్బతీసింది, కాబట్టి ఆ స్కోర్లకు ఇంత బరువు ఇవ్వకూడదు. పోటీ లోతు తక్కువన్నది కాదనలేం. కానీ చాంబర్స్, మెక్‌కేన్, ఎలిజబెత్ రయన్, మోలా మలొరీ సామాన్యులు కారు. రయన్ డబుల్స్‌లో లెంగ్లెన్‌కు జోడీ, వాళ్లిద్దరూ కలిసి ఆరుసార్లు వింబుల్డన్ గెలిచారు. 1924లో కామెర్ల అనారోగ్యంలో ఉన్న లెంగ్లెన్‌ను క్వార్టర్‌ఫైనల్లో సింగిల్స్ ప్రత్యర్థిగా ఒక సెట్ ఓడించింది కూడా ఆ రయనే. 1926 ఫిబ్రవరి 16న కాన్ నగరంలో వచ్చే తరపు మేటి హెలెన్ విల్స్‌ను లెంగ్లెన్ 6–3, 8–6తో ఓడించింది. అప్పటికే మూడుసార్లు అమెరికన్ చాంపియన్ అయిన ఇరవై ఏళ్ల విల్స్‌ను బలహీనురాలని ఎవరూ అనలేరు.

విల్స్ పేరు రాగానే మూడో అభ్యంతరం దానంతటదే వస్తుంది. ఆమె 1927 నుంచి 1932 దాకా సింగిల్స్‌లో ఒక్క సెట్ కూడా పోగొట్టుకోకుండా ఆడింది, మొత్తం ఎనిమిది వింబుల్డన్ సింగిల్స్ గెలిచింది. ఆమె ఆటలో గెంతులు లేవు, నాట్యం లేదు, ముఖంలో భావం కూడా కనిపించేది కాదు. బలమైన నేలదెబ్బలే ఆమె ఆయుధం. ఆధిపత్యానికి లాఘవం అవసరం లేదని ఇది రుజువు చేయదా? చేస్తుంది, దానితో నాకు పేచీ లేదు. లాఘవం లేకుండా గెలవలేరని నేను అనడం లేదు. లెంగ్లెన్ విషయంలో లాఘవాన్ని గెలుపు నుంచి విడదీయలేమన్నదే నా వాదం. పైగా విల్స్ కూడా కాలిఫోర్నియాలో బర్క్‌లీ టెన్నిస్ క్లబ్బులో మగవాళ్లతో సాధన చేసి ఎదిగింది. ఇద్దరి ఆటలూ వేరు, ఇద్దరి పునాదీ ఒకటే: ఇంటికి దగ్గరలో తెరిచి ఉన్న క్లబ్బు, తనకన్నా బలమైనవాళ్లతో రోజూ ఆడే అవకాశం.

తండ్రి కర్కశత్వం మాట దాటవేయలేనిది. షార్ల్ తప్పు చేసిన కూతురిని నలుగురిలో తిట్టేవాడు. సాధన ఎంత నిర్మించిందో అంత దెబ్బా తీసింది. 1921 ఆగస్టులో ఆమె తల్లితో కలిసి అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్లింది, తండ్రి రాలేదు. అనారోగ్యంతో, ప్రయాణం అలసట తీరకముందే ఫారెస్ట్ హిల్స్‌లో మోలా మలొరీని ఎదుర్కొని మొదటి సెట్ 6–2తో ఓడి, రెండో సెట్ మొదట్లోనే దగ్గుతూ ఆట విరమించింది. మొదట చెప్పిన ఆ ఒక్క ఓటమి ఇదే. అమెరికన్ పత్రికలు పిరికిదన్నాయి. మరుసటి ఏడు వింబుల్డన్ ఫైనల్లో అదే మలొరీని 6–2, 6–0తో అరగంట తిరక్కముందే ఓడించింది. ఆమె ఆరోగ్యం ఎన్నడూ గట్టిది కాదు. 1938 జూలై 4న ముప్పై తొమ్మిదేళ్లకే చనిపోయింది. సాధన అన్నమాటకు నేను విలువ ఇస్తున్నానంటే షార్ల్ పద్ధతికి ఆమోదం తెలుపుతున్నట్టు కాదు. రుమాలు మీద గురి నేర్పడానికి పిల్లను ఏడిపించనక్కర లేదు. ముప్పైల్లో లెంగ్లెన్ స్వయంగా పారిస్‌లో బడి పెట్టి పిల్లలకు నేర్పింది. ఆమె పాఠాన్ని వ్యాయామాల పుస్తకంగా రాయడంలోనే తండ్రి పద్ధతికి ఒక మౌన సవరణ ఉందని నా ఊహ.

ఇంకొక విషయం ఆమె లాఘవాన్ని శ్రమగా గుర్తించమని మనల్ని నిలదీస్తుంది. 1926 వింబుల్డన్‌లో, తనకు సరిగా తెలియజేయని వేళామార్పు వల్ల మేరీ రాణి ఎదురుచూసే పరిస్థితి వచ్చి, గొడవ ముదిరి ఆమె తప్పుకుంది. తరువాత అమెరికన్ వ్యాపారి సి.సి. పైల్‌తో ఒప్పందం చేసుకుని, ఆ అక్టోబరులో డబ్బు తీసుకుని ఆడే మొదటి పెద్ద టెన్నిస్ యాత్రకు నాయకురాలైంది. మేరీ బ్రౌన్‌తో ఆడిన 38 మ్యాచ్‌లూ గెలిచింది. తన ఆట చూడడానికి జనం కొన్న టికెట్ల డబ్బు సంఘాలకు చేరింది గాని తనకు ఒక్క ఫ్రాంకు రాలేదనీ, ఆస్తిపరులు మాత్రమే ఈ నియమాలతో ఆడగలరనీ ఆమె అప్పుడు బహిరంగంగానే అంది. అమెచ్యూర్ సంఘాలు తలుపులు మూశాయి. వింబుల్డన్ ప్రొఫెషనల్ ఆటగాళ్లను రానిచ్చింది 1968లో, ఆమె పోయిన ముప్పై ఏళ్లకు. దివ్యమూర్తికి జీతం ఎందుకు అన్నది ఆ కాలపు తర్కం. ఆమె అడిగింది పనికి కూలి.

సరిగ్గా ఆ ఏళ్లలోనే ఖరగ్‌పూర్‌లో పనికి కూలి అన్న మాట మరో రూపంలో మోగింది. 1927లో ఇక్కడి వర్క్‌షాపులో ఉద్యోగుల తొలగింపుపై సమ్మె, లాకౌట్ జరిగాయి. బి.ఎన్.ఆర్. కార్మికుల పోరాటానికి నాయకత్వం వహించినవారిలో వి.వి. గిరి ఒకరు. ఆ పోరాటానికీ టెన్నిస్‌కూ నేరు సంబంధం లేదు. కానీ కోర్టు ఎవరిదన్న ప్రశ్నకు ఆ కార్మికులు బతికిన కాలనీ జవాబు చెబుతుంది. బ్రిటిష్ కాలపు రైల్వే పట్టణాల్లో యూరోపియన్, ఆంగ్లో-ఇండియన్ ఉద్యోగులకు ఒక ఇన్‌స్టిట్యూట్, భారతీయులకు మరొకటి ఉండడం ఆనవాయితీ. టెన్నిస్ కోర్టు, బిలియర్డ్స్ బల్ల, బాల్ డాన్సుల హాలు మొదటిదానికి చెందిన వసతులు. ఖరగ్‌పూర్ ఆంగ్లో-ఇండియన్ల జీవితం మీద మానవశాస్త్రవేత్త లారా బేర్ 2007లో ప్రచురించిన పుస్తకం ఈ విభజన ఇళ్ల వరుసల్లో, ఉద్యోగాల మెట్లలో, కుటుంబాల జ్ఞాపకాల్లో ఎంత లోతుగా దిగిందో చూపిస్తుంది. ఇరవైల చివర మన దేశపు మహిళా టెన్నిస్‌లో అగ్రస్థానంలో ఉన్న జెన్నీ శాండిసన్ ఆంగ్లో-ఇండియన్ కావడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ఆమె ప్రతిభను ఇది ఏమాత్రం తగ్గించదు. ఏ సమాజపు ఆడపిల్లకు కోర్టు, పొట్టి పావడా, మగవాళ్లతో కలిసి ఆడే సావాసం ఆ రోజుల్లో దొరికాయో, ఆ సమాజం నుంచే విజేత వచ్చింది. ఆ తరువాత పైకి వచ్చిన లీలా రావు చదువూ స్థితీ ఉన్న బొంబాయి కుటుంబపు కూతురు. లోకోషెడ్డులో, బండి పెట్టెల మరమ్మతులో పనిచేసిన తెలుగు కార్మికుడి కూతురికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఆ కూతుళ్లకు టెన్నిస్ మీద ఆసక్తే లేదు కదా, లేని ఆసక్తికి కోర్టు ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. లెంగ్లెన్ జీవితమే దీనికి సమాధానం. ఆమెకు ఆసక్తి కోర్టుకన్నా ముందు పుట్టలేదు. ఎదురింట్లో క్లబ్బు ఉంది, చేతిలో రాకెట్ పడింది, ఆ తరువాత ఆసక్తి పుట్టింది. తెలుగు నేల మీదనే మరో రుజువు ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన సానియా మీర్జా ఆరేళ్ల వయసులో నిజాం క్లబ్బు కోర్టుల్లో రాకెట్ పట్టింది, తండ్రి శిక్షకుడయ్యాడు. 2005లో అదే నగరంలో డబ్ల్యూ.టి.ఎ. సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది, 2015లో డబుల్స్‌లో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. ఆమె ఫోర్‌హ్యాండ్ సొంపు గురించి మన పత్రికలు ఎంతో రాశాయి. ఆ సొంపుకు ఆరేళ్ల పిల్లకు తెరుచుకున్న క్లబ్బు గేటు మొదటి కారణమని రాసినవి తక్కువ.

1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడే నాటికి ఇన్‌స్టిట్యూట్ల గేట్ల మీద జాతి నియమం తొలగిపోయింది. హోదా అలవాటు మాత్రం ఆ గేట్ల దగ్గర చాలాకాలం నిలబడింది, అధికారి బిడ్డకూ ఖలాసీ బిడ్డకూ ఒకే కోర్టు అన్నది రాసిపెట్టిన విధానంగా ఎక్కడా కనిపించదు. ఖరగ్‌పూర్ క్రీడాచరిత్ర రాయబోయే పరిశోధకులు ఇన్‌స్టిట్యూట్ల సభ్యత్వ పుస్తకాలు, కాలనీ నక్షాలు, పాత ఉద్యోగుల కుటుంబాల ఫొటోలు వెతకాలి. ఎవరు ఆడారో రాయడంతో ఆగకుండా, కంచె బయట నిలబడి చూసినదెవరో కూడా రాయాలి. రైల్వే యాజమాన్యం చేయవలసిన పని అంతకన్నా చిన్నది: కాలనీల్లో మిగిలిన కోర్టులను బాగుచేసి, సాయంత్రం రెండు గంటలు ఝపటాపూర్, మథురాకాటీ, నింపురా ఆడపిల్లలకు రుసుము లేకుండా కేటాయించి, ఒక శిక్షకురాలిని నియమించాలి.